కనుమ ఆటకి మన ఏడుగురు చాలు

కనుమ ఇంకా పదకొండు రోజులుంది. ఆఫీసులో బగ్గులు చూసుకోవాల్సిన టైములో నేను నోట్‌బుక్కులో కబడ్డీ కోర్టు గీసుకుని, ఏడు చుక్కలు పెట్టి, వాటిని అటూ ఇటూ జరుపుతున్నాను. పక్కసీటు ఆయన చూసి ఏదో ఆర్కిటెక్చర్ డయాగ్రం అనుకున్నట్టున్నాడు, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మంచిదే అయింది :)

విషయం ఏమిటంటే, కనుమ నాడు మధ్యాహ్నం మూడున్నరకి మా మూలపేటకీ పక్కూరికీ కబడ్డీ. పక్కూరి పేరు రాయను. మా మేనత్తని ఇచ్చింది ఆ ఊరికే. పేరు రాసి నాలుగు మాటలంటే పండగ పూట ఆవిడ ఇంట్లో భోజనం పోతుంది. మీది శ్రీకాకుళం జిల్లా తీరం అయితే ఈపాటికి మీరే ఊహించేసి ఉంటారు. కాకపోతే మీ ఊరి పక్కూరినే అనుకోండి, తేడా ఏమీ రాదు.

నాలుగేళ్ళలో మూడుసార్లు ఓడాం. ఒక్కసారి గెలిచాం, అది నిరుడు. ఇప్పుడు గొడవంతా ఆ గెలుపు గురించే.

మొన్న రాత్రి మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. ఊళ్ళో ఆట ఏర్పాట్లు చూసేది వాడే. "అన్నియ్యా, నిరుడులాగే ఇద్దరిని తెద్దుమేటి? ఒకడికి పదేలు అడగతన్నాడు. నువ్వొక పదేలు ఏస్తే మిగతాది నానెలాగో సూస్తాను" అన్నాడు. రేపు చెప్తాను రా అన్నాను. రేపు అంటూ మూడు రోజులైంది. ఫోన్‌లో చెప్తే వాడు రెండో మాటకే కోపం తెచ్చుకుంటాడు, అందుకని ఇక్కడ రాస్తున్నాను. చదువుతాడు, నాకు తెలుసు.

ముందు నా తప్పు నేను ఒప్పుకోవాలి. నిరుడు బయటినుంచి ఆటగాళ్ళని తెద్దామన్న ఐడియా నాదే. డబ్బులూ చాలామటుకు నావే. వరసగా మూడేళ్ళు ఓడి, ఆఫీసులో కూర్చుని స్కోరు మెసేజీల్లో చూసుకుని, మనసు రగిలిపోయి అన్నమాట అది. ఇద్దరు రైడర్లు రెండింటికి బండి మీద వచ్చారు. భోంచేశారు. ఆడారు. ఎంత బాగా ఆడారంటే, అబద్ధం ఎందుకు, ఆ కుడివైపు కుర్రాడు కూతకెళ్ళి వెనక్కి తిరిగే తీరు చూస్తే టీవీలో చూస్తున్నట్టే ఉంది. మంచి తేడాతో గెలిచాం. డబ్బులు తీసుకుని చీకటి పడకముందే వెళ్ళిపోయారు, రాత్రి ఇంకోచోట లైట్ల కింద ఆట ఉందట వాళ్ళకి.

గెలిచాక కుర్రాళ్ళు ఎవర్నో ఒకర్ని భుజాల మీదకి ఎత్తుకోవాలి కదా. ఎవర్ని ఎత్తుకోవాలో తెలీక కాసేపు అలాగే నిలబడ్డారు. పాయింట్లు తెచ్చినవాళ్ళేమో బండికి కిక్కు కొడుతున్నారు. ఇంటికెళ్ళాక మా అమ్మ అడిగింది, "మనోల్లెవరెవరు ఆడినారురా?" అని. లెక్కపెట్టి చెప్పాను, అయిదుగురు. "మరి మిగిలినోల్లు?" అంది. బయటివాళ్ళమ్మా, బాగా ఆడారు అన్నాను. "ఓహో" అని లోపలికెళ్ళిపోయింది. ఆ ఓహో నాకు ఏడాదంతా వినబడుతూనే ఉంది.

ఇంకో సంగతి చెప్తాను. నిరుడు గెలిచిన ఆట స్కోరు ఎంతని మా ఊళ్ళో అడగండి, ఒక్కరూ సరిగ్గా చెప్పలేరు. మూడేళ్ళ క్రితం ఒక్క పాయింటుతో ఓడిన ఆట గురించి అడగండి. చివరి కూతలో ఎవరి కాలు గీత తొక్కిందో, తొక్కలేదో, టీకొట్టు దగ్గర ఇప్పటికీ నేలమీద పుల్లతో గీసి మరీ చూపిస్తారు. అదీ సంగతి.

సరే, ఆట సంగతికి వద్దాం. ఈసారి మన ఏడుగురితోనే దిగితే పరిస్థితి ఏంటి? అభిమానిగా కాకుండా చూడ్డానికి ప్రయత్నిస్తాను (కుదరదనుకోండి).

మన బలం ఎడమ కార్నర్. మనిషి చెన్నైలో పనిచేస్తాడు, భోగికి రెండురోజుల ముందు దిగుతాడు. కాలు పట్టాడంటే వదలడు. చిన్నప్పట్నించీ వల లాగిన చేతులు అవి, ఏ జిమ్ముకీ రావు. కుడి కార్నర్ బరువైనవాడు, కాస్త నిదానం. మధ్యలో ఇద్దరు అన్నదమ్ములు చైన్ కడతారు. ఇంట్లో మాట్లాడుకోరు కానీ కోర్టులో ఒకడి చెయ్యి ఇంకొకడికి చూడకుండానే అందుతుంది. డిఫెన్స్‌కి నేను పదికి ఏడు మార్కులు వేస్తాను.

మన బలహీనత కూత. అక్కడే అసలు సమస్య. ఉన్న ముగ్గురు రైడర్లలో పెద్దాయనకి మోకాలు బాగోలేదు. రెండోవాడు బోనస్ కోసమే పుట్టాడు, గీత తొక్కి వచ్చేస్తాడు, మనిషిని ముట్టడు. అవతల ఆరుగురో ఏడుగురో ఉన్నంతసేపే బోనస్. అయిదుగురైపోతే వీడికి పనేలేదు. మూడోవాడు డిగ్రీ కుర్రాడు. టెక్కలిలో రెండో సంవత్సరం చదువుతున్నాడు. సన్నగా ఉంటాడు, కాలు పొడుగు, పరిగెడుతూ చెయ్యి తగిలించి తిరిగేస్తాడు. రోజూ సాయంత్రం చీకటి పడేదాకా ప్రాక్టీసు చేసేది వాడొక్కడే. నిరుడు ఈ డిగ్రీ కుర్రాడే గీత బయట నిలబడి నీళ్ళ సీసాలు అందించాడు. వాడి స్థానంలోనే కదా మరి నేను డబ్బులిచ్చి తెప్పించింది.

బెంచి మీద కూర్చోవడం అంటే ఏంటో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. జీతం వస్తున్నా ప్రాణం ఎలా ఉంటుందో మనకి తెలుసు. వాడికి జీతం కూడా లేదు.

అవతలివాళ్ళ బలం వాళ్ళ ఎడమవైపు రైడర్. నాలుగేళ్ళుగా మనల్ని ఓడించింది దాదాపు అతనొక్కడే. కానీ మూడో కూత దగ్గర తొందరపడతాడు. రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది చావో రేవో అనే ప్రో కబడ్డీ రూలు మనవాళ్ళూ పెట్టుకున్నారు కదా, దాన్ని వాడుకోవాలి. మొదటి రెండు కూతల్లో ఎగబడి పట్టుకోబోకండి, ఖాళీగా పంపెయ్యండి. మూడోదానికి అతను లోపలికి రాక తప్పదు. అప్పుడు చెన్నై మావయ్య చూసుకుంటాడు.

ఇంకోటి, ఎండ. మన కోర్టులో మధ్య గీత ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది, అంటే ఒక జట్టు సముద్రం వైపు, ఇంకోటి ఊరి వైపు. మూడున్నరకి మొదలైతే రెండో సగం వచ్చేసరికి పొద్దు బాగా వాలి, సముద్రం వైపు నిలబడ్డవాళ్ళ కళ్ళల్లోకి సూటిగా కొడుతుంది. కాబట్టి టాస్ గెలిస్తే మొదటి సగం సముద్రం వైపే తీసుకోవాలి. రెండో సగంలో ఆ బాధ వాళ్ళు పడతారు. ప్రతి ఏడూ టాస్ గెలిచి ఊరి వైపు కోరుకుంటున్నారు మనవాళ్ళు, ఎందుకయ్యా అంటే చుట్టాలంతా అటు కూర్చుంటారట! చుట్టాలు ఎక్కడికీ పోరు బాబూ, ఎండే పోతుంది.

నేల సంగతి కూడా చెప్పాలి. మనది ఇసక కలిసిన నేల. బయట ఆడేవాళ్ళు ఈమధ్య అంతా మ్యాట్ మీద, బూట్లతో ప్రాక్టీసు చేసినవాళ్ళు. ఇసకలో ఒట్టికాళ్ళతో ఒక్కసారి మలుపు తిరగాలంటే అలవాటు ఉండాలి. నిరుడు వచ్చినవాళ్ళు కూడా మొదటి పది నిమిషాలు రెండుసార్లు జారారు. డిగ్రీ కుర్రాడు జారడు. వాడు పెరిగిందే ఈ ఇసకలో.

ఇక నా అసలు వాదన. డబ్బులు పెట్టి తెచ్చిన మనిషి గెలిపిస్తాడు అన్నది మనకి మనం చెప్పుకునే మాట. లెక్కలు వేరే చెబుతాయి. తెలుగు టైటాన్స్ కథ చూడండి. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పట్నించీ వాళ్ళ అభిమానిని నేను, అంటే బాధలకి బాగా అలవాటుపడ్డవాడిని. మొదటి ఆరు సీజన్లూ రాహుల్ చౌదరి మన మనిషి అనుకున్నాం. ఉత్తరప్రదేశ్ వాడైనా సరే, మన పేరు వేసుకున్నాడు, మనవాడే. 2019లో తమిళ్ తలైవాస్‌కి వెళ్ళిపోయాడు. ఆ ఏడాది జులై 21న హైదరాబాదులో, గచ్చిబౌలిలోనే, మన మీదే ఆడి 12 పాయింట్లు తెచ్చాడు. 39-26తో ఓడిపోయాం. ఆరోజు నేను హాస్టల్లో టీవీ కట్టేసి బయటికెళ్ళి నడిచాను.

తర్వాత చీకటి రోజులు. 2021-22 సీజన్లో 22 ఆటల్లో ఒక్క గెలుపు. 2022లో రెండు. అప్పుడు మనవాళ్ళు ఏం చేశారు? 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. అప్పటికి ఆ లీగులో అంత ధర ఎవరికీ పలకలేదు. మహా ఆటగాడు, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిన భారత జట్టు కెప్టెన్. ఏమైంది? ఆ సీజన్లో కూడా 22 ఆటల్లో రెండే గెలుపులు. తప్పు పవన్‌ది కాదు. మిగతా ఆరుగురూ అతని వైపు చూస్తూ నిలబడితే ఒక్కడేం చేస్తాడు? 2024లో కోలుకుని 12 ఆటలు గెలిచారు, త్రుటిలో ప్లేఆఫ్ పోయింది. 2025కి పవన్ తలైవాస్‌కి వెళ్ళిపోయాడు. ఆగస్టు 29న వైజాగ్‌లో మొదటి ఆటే మనకీ వాళ్ళకీ, 38-35తో వాళ్ళే గెలిచారు. అయిపోయింది రా, మళ్ళీ పాత కథే అనుకున్నాను. కానీ విజయ్ మలిక్ కెప్టెన్సీలో ఆ జట్టు ఒకరికొకరు నిలబడి క్వాలిఫయర్ రెండు దాకా వెళ్ళింది. పుణేరి పల్టన్ చేతిలో 50-45తో ఓడింది కానీ, అన్నేళ్ళలో నేను తలెత్తుకుని చూసిన సీజన్ అదే.

ఇక్కడ మీరు నన్ను పట్టుకోవచ్చు. "ఆ జట్టులో మాత్రం తెలుగువాళ్ళెవరు బాబూ? కెప్టెన్‌ది హర్యానాయే కదా?" అని. నిజమే. టైటాన్స్ పేరులోనే తెలుగు ఉంది. మొదటి ఏడుగురిలో ఆడిన తెలుగువాళ్ళని చాలా సీజన్లలో ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టెయ్యచ్చు. నేను చెప్పేది వేరు. అది వేలం పాడుకునే లీగు, అందరికీ తెలిసి ఆడే ఆట. అక్కడ కూడా ధర కంటే ఏడుగురి పొందికే గెలిపించింది. మరి ఒక్కరోజు కోసం, ఒక్క పూట ప్రాక్టీసు కూడా లేకుండా వచ్చే ఇద్దరితో పొందిక ఎలా వస్తుంది?

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అని ఒకటుంది, మనం ఆడే ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారం బంతి. మా ఆఫీసులో అక్కడ చదివొచ్చిన సీనియర్ ఒకాయన ఉన్నాడు, శనివారం ఆట అంటే ఆదివారం పొద్దున్న దాకా మనిషి మనలోకంలో ఉండడు. చుట్టుపక్కల యూనివర్సిటీలు ఒక గుంపుగా చేరి ఏటా తమలో తాము ఆడుకుంటాయి. ఆ గుంపుని కాన్ఫరెన్స్ అంటారు. మిషిగన్ వాళ్ళకీ ఒహాయో స్టేట్ వాళ్ళకీ 1897 నుంచీ ఉంది పోటీ. పక్కపక్క రాష్ట్రాలు, అచ్చం మనకీ పక్కూరికీ ఉన్నట్టే. మిషిగన్ స్టేడియంలో లక్షా ఏడువేల పైన సీట్లున్నాయి, అవన్నీ నిండేది కాలేజీ కుర్రాళ్ళ ఆట కోసం.

ఇప్పుడు అక్కడా ఇదే గొడవ. 2021 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు, ఒక ఏడాది కూర్చోకుండా వేరే యూనివర్సిటీకి మారిపోవచ్చు. 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బు పంచుతున్నాయి, ఒక్కొక్కటీ మొదటి ఏడాదికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. టీవీ డబ్బుల కోసం 2024లో లాస్ ఏంజెలస్ యూనివర్సిటీలు రెండూ మిషిగన్ వాళ్ళ గుంపులో చేరాయి. ఆ గుంపులోనే న్యూజెర్సీ యూనివర్సిటీ కూడా ఉంది. అంటే ఆ దేశంలో పడమటి సముద్రం ఒడ్డు కుర్రాళ్ళకి తూర్పు సముద్రం ఒడ్డు వాళ్ళు ఇప్పుడు పక్కూరు అన్నమాట! కుర్రాళ్ళకి డబ్బు రావడం మంచిదే, ఇన్నేళ్ళూ వాళ్ళ చెమటతో వేరేవాళ్ళు బాగుపడ్డారు, దాన్ని నేను కాదనను. కానీ మా సీనియర్ అన్నమాట ఒకటి గుర్తుండిపోయింది. ఇప్పుడు ప్రతి ఏడూ తన జట్టులో కుర్రాళ్ళ పేర్లు కొత్తగా నేర్చుకోవాల్సొస్తోందట. లక్ష సీట్లున్నవాళ్ళకే ఆ దిగులుంటే, గట్టు మీదా గోడల మీదా కూర్చుని చూసే మనకి ఏం మిగులుతుంది? మనకున్నదల్లా పేర్లే కదా.

మా తమ్ముడు చెప్పే వాదనలూ రాయాలి, లేకపోతే అన్యాయం. ఒకటి, ఆ వచ్చే ఇద్దరికీ ఇదే బతుకుతెరువు. పండగ నాలుగు రోజుల్లో నాలుగూళ్ళు తిరిగి ఆడితే వాళ్ళ ఇంటికి కొన్ని నెలలు గడుస్తాయి. ఒళ్ళు హూనం చేసుకుని సంపాదించే డబ్బు, దాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. నేను మాత్రం ఏంటి? బెంగుళూరులో కూర్చుని క్లయింటు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయే అద్దె ఆటగాడినే కదా. రెండోది, "అవతలోల్లు తెస్తే మనమేటి సేత్తాం?" అని. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. వాళ్ళు తెస్తే మనం ఓడిపోవచ్చు. మూడోది, వాడు పైకి అనడు కానీ నాకు వినబడుతుంది: ఊళ్ళో ఉండనివాడివి, ఆడనివాడివి, నీకెందుకు ఈ నీతులు? ఇది గట్టిగా తగులుతుంది.

అయినా చెప్తాను. ఈ తీరంలో ఏడుగురు కుర్రాళ్ళు ఒకే రోజు ఒకే ఊళ్ళో ఉండటమే పెద్ద సంగతి. ఒకడు చెన్నైలో, ఒకడు హైదరాబాదులో, ఇంకొకడు గుజరాత్ బోట్ల మీద. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్‌కి చిక్కిన జాలర్లు గుర్తున్నారా? అందులో మన జిల్లావాళ్ళే ఎక్కువ. పద్నాలుగు నెలల తర్వాత 2020 జనవరి 6న వాఘా దగ్గర విడిచిపెడితే, సరిగ్గా సంక్రాంతి ముందు ఇళ్ళకి చేరారు. ఆ ఏడాది పండగంటే ఏంటో ఆ ఇళ్ళని అడగండి. మనిషి వచ్చి ఊళ్ళో కనబడటమే మన దగ్గర పండగ. అలాంటిది, ఫలక్‌నుమాలో జనరల్ బోగీలో నిలబడి పలాసలో దిగి, టెక్కలి మీదుగా ఊరు చేరినవాడిని "నువ్వు కూర్చో, మనిషిని తెచ్చాం" అంటామా?

మా దగ్గర్లో తేలినీలాపురానికి ఏటా గూడబాతులూ కొంగలూ వస్తాయి, ఎక్కడెక్కడి నుంచో. ఆ ఊరివాళ్ళు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. బయటినుంచి వచ్చినవాళ్ళంటే మనకి పడదని కాదు. కానీ ఆ పక్షులు గూడు కట్టుకుని, పిల్లల్ని పెంచి, వాటికి ఎగరడం నేర్పి వెళ్తాయి. నిరుడు వచ్చిన ఇద్దరూ ఒక్కరోజు ముందొచ్చి మన కుర్రాడికి ఆ వెనక్కి తిరిగే మెళకువ నేర్పి ఉంటే, నేనే ఇంకో అయిదువేలు ఎక్కువ ఇచ్చేవాణ్ణి.

ఆ డిగ్రీ కుర్రాడి సంగతి మళ్ళీ ఎత్తుతున్నాను, ఎందుకంటే నాకు ఈ ఆటలో అసలు పణం వాడే. కాలేజీ జట్టులో ఆడి, ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ సెలెక్షన్లలో నెగ్గి, యూనివర్సిటీ బనియన్ వేసుకుని సౌత్ జోన్ ఆడితే వాడికో దారి పడుతుంది. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం కావచ్చు, ఇంకోటి కావచ్చు. సెలెక్షన్లో వాణ్ణి చూసేది ఒక గంటో రెండు గంటలో. ఆ గంటలో కాళ్ళు వణక్కుండా ఉండాలంటే, ముందే ఎక్కడో అయిదొందలమంది అరుస్తుంటే కూతకెళ్ళిన అనుభవం ఉండాలి. మా చుట్టుపక్కల వాడికి అది దొరికేది ఏడాదికి ఒక్కరోజు. ఆ ఒక్కరోజు మనం అమ్మేశాం నిరుడు. పదివేలకి.

ఊళ్ళ నుంచి ఆటగాళ్ళు రారని ఎవరన్నా అంటే కరణం మల్లీశ్వరి పేరు చెప్పండి. ఇదే జిల్లాలో ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి. 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది, ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆమె చిన్నప్పుడు "బరువులెత్తడానికి బయటినుంచి మనిషిని తెచ్చాం, నువ్వు నీళ్ళందించు" అని ఎవరన్నా అనుంటే?

ఇంకొక్కటి. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. 2023 ఏప్రిల్ 19న మూలపేట పోర్టుకి శంకుస్థాపన అయింది. 4,362 కోట్ల ప్రాజెక్టు అన్నారు. అంతవరకూ భావనపాడు పోర్టు అని పిలిచినదానికి మా ఊరి పేరు వచ్చింది. మూలపేట, విష్ణుచక్రం వాళ్ళకి నౌపడ దగ్గర పునరావాస కాలనీ అన్నారు. పోర్టు వస్తే ఉద్యోగాలొస్తాయి, చెన్నై వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారు అని ఆశ. ఆ ఆశ నాకూ ఉంది, అబద్ధమాడను. కాకపోతే కాలనీ ప్లాన్లో ఇళ్ళుంటాయి, రోడ్లుంటాయి, బడి ఉంటుంది. ఇసక నేల మీద, సముద్రం గాలి తగిలే కబడ్డీ కోర్టు ఏ ప్లాన్లోనూ గీయరు. ఈ నేల మీద ఇంకెన్ని కనుమలు ఆడతామో నేను చెప్పలేను. రేపు పోర్టు పేరు దేశమంతా తెలుస్తుంది, మూలపేట అంటే ఓడలు అనుకుంటారు. మూలపేట అంటే ఏడుగురు అని తెలిసినవాళ్ళం మనమే. ఆ ఏడుగురిలో ఇద్దరి పేర్లు మనకే తెలియకపోతే ఎలా?

కాబట్టి తమ్ముడూ, నా పదివేలు పంపుతున్నాను. ఇలా ఖర్చుపెట్టు. పదిరోజుల పాటు ప్రాక్టీసుకి వచ్చే ప్రతి కుర్రాడికీ గుడ్లూ అరటిపళ్ళూ. మోకాలి పట్టీలు, ముఖ్యంగా పెద్దాయనకి. గీతలు సరిగ్గా కొలిపించి సున్నం వేయించు. మధ్య గీత నుంచి బాక్ లైన్ మూడు మీటర్ల డెబ్భయ్అయిదు, అక్కణ్ణించి బోనస్ గీత ఒక మీటరు, అడుగులతో కాదు టేపుతో. ఇక నీకు తప్పకుండా బయటి మనిషిని అద్దెకి తేవాలని ఉంటే, రిఫరీని తే. రెండూళ్ళకీ చుట్టం కానివాణ్ణి, గీత తొక్కిందో లేదో నిలబడి చెప్పేవాణ్ణి. మూడేళ్ళ క్రితం మనకి కావలసింది అతను, రైడర్ కాదు. ఇదే మాట పక్కూరివాళ్ళతోనూ చెప్పు. ఇద్దరూ సొంతవాళ్ళతోనే దిగుదాం, రిఫరీ ఖర్చు చెరిసగం అని అడుగు. ఒప్పుకోకపోతే పోనీ, అత్తతో నేను మాట్లాడతాను. ఆ ఊళ్ళో ఆవిడ మాట చెల్లుతుంది.

చివరగా నా అంచనా. మన ఏడుగురితోనే దిగితే, ఎండ లెక్క సరిగ్గా చూసుకుంటే, మొదటి సగంలో ఆలౌట్ కాకుండా ఉంటే, ఆఖరి అయిదు నిమిషాల దాకా ఆట మన చేతిలోనే ఉంటుంది. అయినా 31-28తో వాళ్ళే గెలుస్తారని నా లెక్క చెబుతోంది. వాళ్ళ రైడర్ అంతటివాడు. డిగ్రీ కుర్రాడు కనీసం పది పాయింట్లు తెస్తాడు, అదీ రాసిపెట్టుకోండి. నా అంచనా తప్పయితే కనుమ రాత్రి వాణ్ణి ఎత్తుకునేవాళ్ళలో ఒక భుజం నాది. నిజమైతే, వాడు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంటాడు. మర్నాడు ముక్కనుమ సాయంత్రం మళ్ళీ ఇసకలోకి వెళ్తాడు.

టికెట్ వెయిటింగ్ లిస్టు 46లో ఉంది. కన్ఫర్మ్ కాకపోయినా వస్తున్నాను. ఈసారి అమ్మ అడిగితే ఏడు పేర్లూ చెప్పాలి.